19-31 నుంచి వరల్డ్ సిరీస్ దాకా: వాషింగ్టన్ నేషనల్స్ 2019 సీజన్‌లో పిచర్ల పనిభారం

ఫాస్ట్ బౌలర్ల చేత వారానికి ఎన్ని బంతులు వేయించాలి, ఎప్పుడు ఆపాలి, ఆపినవాణ్ని మళ్లీ ఎప్పుడు మైదానంలోకి దింపాలి అన్న లెక్కలు చూడటం నా వృత్తి. ఈ విషయం కోచ్‌లకు వివరించవలసి వచ్చినప్పుడల్లా నేను క్రికెట్ కంటే ముందు అమెరికన్ బేస్‌బాల్ వైపు చూస్తాను, ఎందుకంటే అక్కడ పిచర్ విసిరిన ప్రతి బంతీ లెక్కలోకి ఎక్కుతుంది, విశ్రాంతి ఎన్ని రోజులో అందరికీ తెలుస్తుంది, ఎవరిని ఎప్పుడు ఎందుకు దింపారన్నది మర్నాటికల్లా బహిరంగ చర్చ అవుతుంది. వాషింగ్టన్ నేషనల్స్ జట్టు 2019 సీజన్‌ను నేను శిక్షణ తరగతుల్లో చాలాసార్లు చెప్పాను. తొలి 50 ఆటల్లో 31 ఓడిపోయిన జట్టు చివరికి వరల్డ్ సిరీస్ (అమెరికన్ బేస్‌బాల్ ఫైనల్ పోరు) గెలిచిందన్న కథగా దాన్ని చాలామంది చెప్పుకుంటారు. నాకు అందులో ముఖ్యమైన విషయం వేరే ఉంది. ఆ జట్టుకు ఒక పెద్ద లోపం ఉండేది. అది సీజన్ చివరిదాకా పూర్తిగా పోలేదు. దాన్ని సరిదిద్దలేమని తేలాక, ఆ లోపం మీద ఆట ఆధారపడకుండా ఏర్పాటు చేసుకున్నారు. ఆ ఏర్పాటు ఎలా సాగింది, దానికి ఎంత ఖర్చయింది అన్నదే ఈ కేసు.

బేస్‌బాల్ అలవాటు లేని పాఠకుల కోసం కొంచెం నేపథ్యం చెప్పాలి. ఒక్కో జట్టుకు తొమ్మిది ఇన్నింగ్స్ ఉంటాయి, ఒక్కో ఇన్నింగ్స్‌కు మూడు ఔట్లు. ఆట మొదలుపెట్టే పిచర్‌ను స్టార్టర్ అంటారు. అతడు సాధారణంగా ఐదారు ఇన్నింగ్స్ వేసి తప్పుకుంటాడు, ఆ తరువాత నాలుగైదు రోజులు ఆడడు. మిగిలిన ఇన్నింగ్స్‌ను రిలీవర్లు పంచుకుంటారు. వాళ్లు కూర్చుని చేతులు వేడి చేసుకునే చోటును బుల్‌పెన్ అంటారు, ఆ రిలీవర్ల బృందానికీ అదే పేరు. ఆరు నెలల్లో 162 ఆటలు కాబట్టి, ఎంత గొప్ప స్టార్టర్లున్నా బుల్‌పెన్ బలహీనమైతే ఆ జట్టు పని చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. 2019లో నేషనల్స్ బుల్‌పెన్ ప్రతి తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఐదున్నరకు పైగా పరుగులిచ్చింది. ప్లేఆఫ్స్‌కు (సీజన్ ముగిశాక జరిగే నాకౌట్ పోటీలకు) చేరదలచుకున్న ఏ జట్టూ ఆ అంకెను భరించలేదు.

ఈ కేసును 2019తో మొదలుపెడితే సగం విషయమే తెలుస్తుంది. ఏడేళ్లు వెనక్కి వెళ్లాలి. స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ అనే యువ పిచర్‌కు 2010లో మోచేతి స్నాయువు శస్త్రచికిత్స జరిగింది. 2012లో అతడు పూర్తిస్థాయిలో తిరిగి వచ్చాడు, జట్టు 98 ఆటలు గెలిచి లీగ్ మొత్తంలో మొదటి స్థానంలో నిలిచింది. అయినా ఆటగాళ్ల ఎంపిక, ఒప్పందాలు చూసే జనరల్ మేనేజర్ మైక్ రిజో ముందే ప్రకటించిన ప్రకారం, 159 ఇన్నింగ్స్ పైన ఒక్క ఔట్ తీశాక సెప్టెంబరులో అతణ్ని ఆపేశారు. ప్లేఆఫ్స్‌లో అతడు లేడు. అక్కడ కార్డినల్స్ జట్టుతో సిరీస్ ఐదో ఆటలో నేషనల్స్ 6-0 ఆధిక్యం సంపాదించి, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో బుల్‌పెన్ నాలుగు పరుగులివ్వడంతో 9-7తో ఓడిపోయింది. ఆ తరువాత 2014, 2016, 2017లలో కూడా జట్టు అదే దశలో ఇంటిముఖం పట్టింది. స్ట్రాస్‌బర్గ్‌ను ఆపడం సరైనదా కాదా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. ఒక యువకుడి చేతిని కాపాడటం కోసం ముందే గీత గీసి, ఒత్తిడి వచ్చినప్పుడు కూడా ఆ గీత చెరపకపోవడం మా వృత్తిలో అరుదు, అందుకే నేను ఆ నిర్ణయాన్ని గౌరవిస్తాను. అదే రిజో 2019లోనూ పదవిలో ఉన్నాడు, అదే స్ట్రాస్‌బర్గ్ జట్టులో ఉన్నాడు. అప్పటికి ఇద్దరి పరిస్థితీ మారింది.

2019 సీజన్ మొదలయ్యే ముందు బ్రైస్ హార్పర్ ఫిలడెల్ఫియాతో 13 ఏళ్లకు 33 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుని వెళ్లిపోయాడు. నేషనల్స్ తమ డబ్బును పిచర్ల మీద పెట్టింది. మ్యాక్స్ షెర్జర్ 2015 నుంచి ఏడేళ్లకు 21 కోట్ల డాలర్ల ఒప్పందం మీద ఉన్నాడు, స్ట్రాస్‌బర్గ్‌ది ఏడేళ్లకు 17.5 కోట్లు, కొత్తగా తెచ్చుకున్న ప్యాట్రిక్ కార్బిన్‌కు ఆరేళ్లకు 14 కోట్లు. నాలుగో స్టార్టర్‌గా అనుభవజ్ఞుడైన అనీబాల్ సాంచెజ్ వచ్చాడు. రిలీవర్ల విషయంలో మాత్రం శస్త్రచికిత్స తరువాత తిరిగొస్తున్న ట్రెవర్ రోజెంతాల్ మీద ఆశ పెట్టుకున్నారు. అతడు తొలి నాలుగుసార్లు దిగి ఒక్క ఔట్ కూడా తీయలేకపోయాడు.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, బ్యాటర్లకూ గాయాలయ్యాయి. ఏప్రిల్ 2న ట్రే టర్నర్ చూపుడువేలు విరిగింది. ఆంథొనీ రెండన్ మోచేతికి బంతి తగిలింది. ఇరవై ఏళ్ల వాన్ సోటో వెన్నునొప్పితో కొద్ది రోజులు కూర్చున్నాడు. రయన్ జిమర్మన్ పాదం నొప్పితో బయటికెళ్లాడు. మే 2న పిచింగ్ కోచ్ డెరెక్ లిలిక్విస్ట్‌ను తొలగించి పాల్ మెన్‌హార్ట్‌ను నియమించారు.

మే 22న న్యూయార్క్‌లో మెట్స్‌తో జరిగిన ఆటను నేను తరగతిలో ఇన్నింగ్స్ ఇన్నింగ్స్‌గా చూపిస్తాను. షెర్జర్ ఆరు ఇన్నింగ్స్ ఒక్క పరుగూ ఇవ్వకుండా వేశాడు, నేషనల్స్ 1-0 ఆధిక్యంలో ఉంది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో గండం వచ్చేసరికి మేనేజర్ (మైదానంలో జట్టును నడిపే ప్రధాన కోచ్) డేవ్ మార్టినెజ్, మామూలుగా తొమ్మిదో ఇన్నింగ్స్ కోసం దాచుకునే షాన్ డూలిటిల్‌ను ముందే దింపాడు. అతడి చేతి నుంచి వచ్చిన బంతి బ్యాటర్‌కు తగిలి బేస్‌లు నిండాయి, అంటే మూడు బేస్‌ల మీదా పరుగుకు సిద్ధంగా ఒక్కొక్కరు నిలిచారు. మెట్స్ బ్యాటర్ వాన్ లగారెస్ కొట్టిన దెబ్బకు ఆ ముగ్గురూ పరుగు పూర్తిచేశారు. ఆ వెంటనే, మెట్స్ అదే రోజు చిన్న లీగ్ నుంచి పిలిపించుకున్న రజాయ్ డేవిస్ మూడు పరుగుల హోమ్ రన్ (బంతిని కంచె దాటించే దెబ్బ) కొట్టాడు. 6-1. మర్నాడు మళ్లీ ఎనిమిదో ఇన్నింగ్స్‌లోనే, మళ్లీ ఒక రిలీవర్ మూడు పరుగుల హోమ్ రన్ ఇచ్చాడు, 6-4తో ఓటమి. మెట్స్‌తో నాలుగు ఆటలకు నాలుగూ ఓడి జట్టు 19-31 దగ్గర నిలబడింది.

ఈ రెండు రోజుల ఆటను పక్కపక్కన పెట్టి చూస్తే రోగం ఎక్కడుందో తెలిసిపోతుంది. స్టార్టర్ తన పని తాను చేశాడు. బుల్‌పెన్‌లో నమ్మదగినవాడు ఒక్కడే ఉండటంతో, అతణ్ని ముందే దింపవలసి వచ్చింది, తరచుగా దింపవలసి వచ్చింది. మంచివాణ్ని అదనంగా వాడటం వల్ల వచ్చే నష్టం ఆ రోజు పరుగుల్లో కనిపించవచ్చు, కనిపించకపోవచ్చు. కాని ఆ నష్టం ఎక్కడో ఒకచోట జమవుతూనే ఉంటుంది. చాలా ఏళ్ల కిందట ఒక జట్టులో నేను కూడా ఇలాంటిది చూశాను. పద్దెనిమిదేళ్ల కుర్రాడు బాగా వేస్తున్నాడని వరుసగా మూడు ఆటల్లో ఆఖరి ఓవర్లన్నీ అతడికే ఇచ్చారు. నా కాగితం మీద ఎర్రగీత ఉంది, నేను గట్టిగా చెప్పలేదు, నాలుగో ఆటకు అతడి నడుం పట్టేసింది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

మే చివరి వారంలో రిజో ముందున్న దారులు రెండు. మేనేజర్‌ను పంపేసి, ఒప్పందం ముగియబోతున్న రెండన్ లాంటివాళ్లను అమ్మేసి, వచ్చే ఏడాదికి సిద్ధపడటం ఒకటి. గాయపడ్డవాళ్లు తిరిగొచ్చేదాకా ఓపిక పట్టడం రెండోది. పత్రికలు మొదటి దారి గురించే ఎక్కువ రాశాయి. రిజో ఎవరినీ అమ్మలేదు, మార్టినెజ్‌ను తీసేయలేదు. దీన్ని ధైర్యమని అందరూ మెచ్చుకున్నారు. లెక్క తెలిసినవాడి ఓపిక అని నేనంటాను: స్టార్టర్లు చెడిపోలేదు, బ్యాటర్లు ఒక్కొక్కరే కోలుకుని వస్తున్నారు, చెడిపోయింది ఒక్క విభాగమే. ఆ రోజు నుంచి సీజన్ ముగిసేదాకా జట్టు 74 గెలిచి 38 ఓడింది. మొత్తం 93-69. ఏడాదిలో 873 పరుగులు చేసి 724 ఇచ్చిన జట్టు అది. ఆ రెండు అంకెల నుంచి గెలుపులను అంచనా వేసే మామూలు సూత్రంతో లెక్కిస్తే 96 గెలుపులు రావాలి. అంటే సీజన్ చివరి అంకె 93-69 జట్టు అసలు బలానికి దగ్గరగానే ఉంది, 19-31 మాత్రమే దారితప్పిన అంకె.

బుల్‌పెన్ బాగుపడకుండానే ఆ 74 గెలుపులు ఎలా వచ్చాయి? స్టార్టర్లు ఎక్కువసేపు వేయడం వల్ల. స్ట్రాస్‌బర్గ్ 209 ఇన్నింగ్స్ వేసి 18 గెలుపులతో రెండింటిలోనూ నేషనల్ లీగ్‌లో (పోటీలోని రెండు లీగుల్లో నేషనల్స్ ఆడేది) మొదటి స్థానంలో నిలిచాడు. కార్బిన్ 202 ఇన్నింగ్స్ వేశాడు. స్టార్టర్ ఆరో ఇన్నింగ్స్‌కు బదులు ఏడో ఇన్నింగ్స్ చివర దిగిపోతే, బలహీనుడైన రిలీవర్ వేయవలసిన మూడు ఔట్లు ఆ రోజుకు తప్పినట్టే. షెర్జర్ జూన్ 18న సాధనలో బంట్ (బంతిని బ్యాట్‌తో మెల్లగా ఆపడం) చేస్తుండగా బంతి ముఖానికి తగిలి ముక్కు విరిగింది. మర్నాడే నల్లబడిన కంటితో ఏడు ఇన్నింగ్స్ ఒక్క పరుగు ఇవ్వకుండా వేసి పదిమందిని స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో ఔట్) చేశాడు. ఆ ఫొటో అందరికీ గుర్తుంది. నాకు అంతకంటే ముఖ్యంగా గుర్తున్నది ఆ తరువాతి నెల. జులైలో వీపు కండరం ఇబ్బంది పెట్టినప్పుడు అదే షెర్జర్‌ను గాయాల జాబితాలో పెట్టారు, తొందరపడి తెచ్చాక మళ్లీ నొప్పి రావడంతో ఆగస్టు 22 దాకా కూర్చోబెట్టారు. అతడి మొత్తం 172 ఇన్నింగ్స్ దగ్గర ఆగింది. అక్టోబరులో అతడు వేసిన 30 ఇన్నింగ్స్‌కు ఆ నెల విశ్రాంతి ఎంత తోడ్పడిందో ఖచ్చితంగా కొలవలేను, కాని నేనైతే అలాగే చేసేవాణ్ని.

జులై 31 గడువు రోజున రిజో ముగ్గురు రిలీవర్లను తెచ్చాడు: టొరంటో నుంచి డేనియల్ హడ్సన్, సియాటెల్ నుంచి రోయెనిస్ ఎలియాస్, హంటర్ స్ట్రిక్‌ల్యాండ్. ఎలియాస్ రెండు రోజులకే పరుగెత్తుతూ తొడ కండరం పట్టేసి కూర్చున్నాడు. హడ్సన్ మాత్రం నిలబడ్డాడు. ఈ లోపు డూలిటిల్ మీద పడుతూ వచ్చిన భారం ఆగస్టు 17న బయటపడింది. మిల్వాకీతో ఆటలో తొమ్మిదో ఇన్నింగ్స్‌లో అతడు మూడు హోమ్ రన్‌లిచ్చాడు, ఆట పద్నాలుగు ఇన్నింగ్స్ సాగి 15-14తో చేజారింది, మర్నాడు అతణ్ని మోకాలి నొప్పితో గాయాల జాబితాలో చేర్చారు. మే 22 నాటి ఎనిమిదో ఇన్నింగ్స్‌కు, ఈ మోకాలికి మధ్య నేను ఒక గీత గీస్తాను. అతడు విశ్రాంతి తీసుకుని సెప్టెంబరులో తిరిగి వచ్చాక, హడ్సన్ ఉండటం వల్ల, భారం ఇద్దరి మధ్య పంచుకోబడింది. సెప్టెంబరు 3న మెట్స్‌తో తొమ్మిదో ఇన్నింగ్స్ పై భాగంలో, అంటే మెట్స్ బ్యాటింగ్ వంతులో, బుల్‌పెన్ ఐదు పరుగులిచ్చి 10-4 చేస్తే, కింది భాగంలో బ్యాటర్లు ఏడు చేశారు, కర్ట్ సుజుకి మూడు పరుగుల హోమ్ రన్‌తో 11-10. ఆ రాత్రిని అభిమానులు పండుగలా తలుచుకుంటారు. ఐదు పరుగులు ఎలా ఇచ్చారన్నదే నా పుస్తకంలో ఉంది.

అక్టోబరులో లెక్క మారుతుంది. సీజన్‌లో రోజూ ఆట ఉంటుంది కాబట్టి బుల్‌పెన్ మొత్తాన్ని వాడక తప్పదు. ప్లేఆఫ్స్‌లో మధ్యమధ్య ఖాళీ రోజులుంటాయి కాబట్టి తక్కువమందితో నెట్టుకురావచ్చు. మార్టినెజ్, మెన్‌హార్ట్ ఈ తేడాను పూర్తిగా వాడుకున్నారు. నలుగురు స్టార్టర్లు, ఇద్దరు రిలీవర్లు, మొత్తం ఆరుగురే, ఆ నెల జట్టు వేసిన ఇన్నింగ్స్‌లో నాలుగింట మూడు వంతులకు పైగా వేశారు. స్టార్టర్లు తమ వంతు లేని రోజున రిలీవర్లుగా దిగారు.

అక్టోబరు 1న మిల్వాకీతో, ఓడితే ఇంటికే అన్న వైల్డ్ కార్డ్ ఆటలో (ప్లేఆఫ్స్ తొలి మెట్టు) షెర్జర్ ఐదు ఇన్నింగ్స్‌లో మూడు పరుగులిచ్చి దిగితే, ఆరో ఇన్నింగ్స్ నుంచి స్ట్రాస్‌బర్గ్ వచ్చి 34 బంతుల్లో మూడు ఇన్నింగ్స్ ముగించాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో సోటో కొట్టిన బంతి కుడివైపు ఫీల్డర్‌ను దాటిపోవడంతో మూడు పరుగులొచ్చి 4-3తో గెలిచారు. మధ్యలో రెండు రోజులే విశ్రాంతి తీసుకుని స్ట్రాస్‌బర్గ్ నాలుగో తేదీన లాస్ ఏంజిలిస్‌లో డాడ్జర్స్‌తో సిరీస్ రెండో ఆటలో ఆరు ఇన్నింగ్స్ వేసి పదిమందిని స్ట్రైకౌట్ చేశాడు. అదే ఆటలో ఎనిమిదో ఇన్నింగ్స్‌లో షెర్జర్ దిగి ముగ్గురికి ముగ్గురినీ స్ట్రైకౌట్ చేశాడు.

ఈ పద్ధతి ప్రతిసారీ పనిచేయలేదు, ఆ సంగతి దాచకూడదు. అదే సిరీస్ మూడో ఆటలో 2-1 ఆధిక్యంలో ఉండగా కార్బిన్‌ను రిలీవర్‌గా దింపితే, అతడు ఒక్క ఇన్నింగ్స్ కూడా పూర్తిచేయకుండా ఆరు పరుగులిచ్చాడు, 10-4తో ఓటమి. ఆ రాత్రి మార్టినెజ్‌ను తిట్టనివారు లేరు. నేను తరగతిలో ఇక్కడ ఆపి, ఐదో ఆటలో కార్బిన్‌ను మళ్లీ రిలీవర్‌గా దింపుతారా అని అడుగుతాను. దింపం అనేవారే ఎక్కువ. మార్టినెజ్ దింపాడు. ఒక్కరోజు ఫలితాన్ని చూసి పద్ధతి మార్చలేదు, బుల్‌పెన్‌లో మిగిలినవాళ్ల కంటే కార్బిన్ మెరుగన్న అంచనా అతడికి మారలేదు. ఆ ఆటలో ఎనిమిదో ఇన్నింగ్స్‌లో డాడ్జర్స్ పిచర్ కెర్షా వేసిన వరుస బంతుల మీద రెండన్, సోటో హోమ్ రన్‌లు కొట్టి 3-3 చేశారు, పదో ఇన్నింగ్స్‌లో 36 ఏళ్ల హోవీ కెండ్రిక్ గ్రాండ్ స్లామ్ (నాలుగు పరుగుల హోమ్ రన్) కొట్టాడు. 106 ఆటలు గెలిచిన డాడ్జర్స్ ఇంటికెళ్లింది. కెండ్రిక్‌ది కూడా పనిభారం కథే: ముందు ఏడాది మడమ స్నాయువు తెగినవాణ్ని సీజనంతా పొదుపుగా వాడారు, అతడు .344 బ్యాటింగ్ సగటుతో (ప్రతి వంద ప్రయత్నాలకు 34 హిట్లు) ఆడాడు. ఆ తరువాత కార్డినల్స్‌తో సిరీస్ 4-0తో ముగియడం వల్ల వరల్డ్ సిరీస్‌కు ముందు ఆరు రోజుల విశ్రాంతి దొరికింది.

ఆ అక్టోబరు చివరి వారం నేను ఉత్తర వర్జీనియాలో మా అక్కయ్య ఇంట్లో ఉన్నాను. బావగారు అప్పటికి పన్నెండేళ్లుగా అక్కడే ఉంటున్నారు, నేషనల్స్ ఆట అంటే చెవి కోసుకుంటారు. 107 ఆటలు గెలిచిన హ్యూస్టన్ ఆస్ట్రోస్‌తో వరల్డ్ సిరీస్‌లో మొదటి రెండు ఆటలు హ్యూస్టన్‌లో గెలిచి, తరువాతి మూడూ సొంత ఊళ్లో ఓడిపోయారు. ఐదో ఆట రోజున షెర్జర్ మెడ పట్టేసి చెయ్యి పైకెత్తలేకపోయాడు. అతడి బదులు జో రాస్ వేశాడు, 7-1. ఆరో ఆట మొదటి ఇన్నింగ్స్‌లో స్ట్రాస్‌బర్గ్ రెండు పరుగులిచ్చాడు. ఏ బంతి వేయబోతున్నాడో అతడి చేతి కదలిక ముందే చెప్పేస్తోందని మెన్‌హార్ట్ గమనించి హెచ్చరించాడు. ఆ తరువాత ప్రతి బంతికీ ముందు స్ట్రాస్‌బర్గ్ గ్లవ్‌ను అటూ ఇటూ కదిలించడం మొదలుపెట్టాడు. టీవీలో అది చూసి బావగారు కంగారుపడ్డారు, నేను నోట్‌బుక్‌లో గుర్తు పెట్టుకున్నాను. ఇంకో పరుగు ఇవ్వకుండా తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఒక ఔట్ తీసేదాకా వేశాడు, 7-2.

అక్టోబరు 30న ఏడో ఆట. ఇంజెక్షన్ తీసుకుని వచ్చిన షెర్జర్ ఐదు ఇన్నింగ్స్‌లో ఏడు హిట్లు, నాలుగు వాక్‌లు (గురి తప్పిన బంతుల వల్ల బ్యాటర్‌కు ఉచితంగా దొరికే మొదటి బేస్) ఇచ్చి కూడా రెండు పరుగులతోనే బయటపడ్డాడు. ఆ తరువాత కార్బిన్ దిగి మూడు ఇన్నింగ్స్ ఒక్క పరుగు ఇవ్వలేదు. అవతల ఆస్ట్రోస్ స్టార్టర్ గ్రెయింకీ ఏడో ఇన్నింగ్స్‌లో రెండన్‌కు హోమ్ రన్, సోటోకు వాక్ ఇచ్చాక, 80 బంతుల దగ్గర అతణ్ని తీసేశారు. ఆస్ట్రోస్ అత్యుత్తమ పిచర్ గెరిట్ కోల్ బుల్‌పెన్‌లోనే ఉన్నాడు. అతణ్ని దింపలేదు, విల్ హారిస్‌ను దింపారు. కెండ్రిక్ కొట్టిన బంతి కుడివైపు ఫౌల్ స్తంభానికి (మైదానం హద్దు చూపే స్తంభం) తగిలింది, అదీ హోమ్ రన్ కిందే లెక్క, 3-2. చివరికి 6-2. ఏడు ఆటలూ బయటి ఊరి జట్టే గెలిచిన సిరీస్ అదొక్కటే. ఒక మేనేజర్ తన మంచి చేతులన్నీ వాడేశాడు, ఇంకొకడు తన అత్యుత్తమ చేతిని ఆధిక్యం నిలిస్తే చివర్లో వాడదామని దాచుకున్నాడు. వాషింగ్టన్‌కు 1924 తరువాత మొదటి వరల్డ్ సిరీస్ అది.

ఇక ఖర్చు. స్ట్రాస్‌బర్గ్ ఆ నెలలో 36 ఇన్నింగ్స్ పైన ఒక ఔట్ వేసి ఐదు గెలుపులు, ఒక్క ఓటమీ లేకుండా సిరీస్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. డిసెంబరులో ఏడేళ్లకు 24.5 కోట్ల డాలర్ల కొత్త ఒప్పందం కుదిరింది. ఆ తరువాతి మూడు సీజన్లలో అతడు వేసింది మొత్తం 31 ఇన్నింగ్స్ పైన ఒక ఔట్, ఎనిమిది ఆటలు. కార్బిన్ దాదాపు ప్రతి వంతూ ఆడుతూనే 2021లో 16, 2022లో 19 ఓటములతో లీగ్‌లో అందరికంటే ఎక్కువ ఓడాడు. ఈ రెండూ చెప్పి, అక్టోబరు భారమే కారణం అనేవారున్నారు. నేను అంత తేలిగ్గా అనలేను, ఎందుకంటే మూడోవాడు షెర్జర్. ముగ్గురిలో పెద్దవాడు, అప్పటికే 35 ఏళ్లు, మెడ పట్టేసి ఇంజెక్షన్‌తో ఆడినవాడు. అతడు 2021లో 2.46 ఈఆర్‌ఏతో (తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన పరుగులు) మళ్లీ లీగ్‌లోని అత్యుత్తమ పిచర్ల సరసన నిలిచాడు. ఆ అక్టోబరు భారం మోసిన మూడు చేతులు మూడు దారులు పట్టాయి. సీజన్‌లో షెర్జర్‌కు బలవంతంగానైనా దొరికిన విశ్రాంతి మిగిలిన ఇద్దరికీ దొరకలేదన్నది వాస్తవం. స్ట్రాస్‌బర్గ్ మోచేతికి 2010లోనే కత్తి పడిందన్నదీ వాస్తవం. ఈ రెండింటిలో దేని బరువు ఎంతో విడదీసే ఆధారం నా దగ్గర లేదు, అందుకే నా నివేదికలో ఆ గడిని ఖాళీగానే ఉంచాను. 2022 జూన్ 9న మయామీలో స్ట్రాస్‌బర్గ్ ఐదో ఇన్నింగ్స్ పూర్తిచేయకుండానే, ఏడు పరుగులిచ్చి మైదానం దిగాడు. ఆ తరువాత అతడు మళ్లీ ఆడలేదు.